చిత్రకళలో పీజీ: దరఖాస్తు దగ్గరే ఆగిపోతున్న మన పిల్లలు

సంపాదకులకు,

ఆర్యా,

పీజీ ప్రవేశాలపై మీ విద్యా పేజీలో ఏటా వచ్చే సమాచారాన్ని శ్రద్ధగా చదివేవారిలో నేనొకణ్ణి. ఈసారి కూడా ఎంబీఏ, ఎంసీఏ, ఎమ్మెస్సీ కోర్సులకు పేరాలకు పేరాలు కేటాయించి, లలితకళలను 'తదితర కోర్సులు' అన్న రెండు మాటల్లో కలిపేశారు. నిష్ఠూరమాడాలని ఈ ఉత్తరం రాయడం లేదు. చిత్రకళలో మాస్టర్స్ డిగ్రీకి ఎలా దరఖాస్తు చేయాలో, చేరిన తరవాత ఆ రెండేళ్లు ఎలా గడుస్తాయో తెలుగులో విడమరిచి చెప్పేవారు లేకపోవడం వల్ల, బొమ్మ వేయడంలో ఎవరికీ తీసిపోని పిల్లలు కాగితాల దగ్గర, ఫొటోల దగ్గర, ఇంటర్వ్యూ గది గుమ్మం దగ్గర ఆగిపోతున్నారు. చాలాకాలంగా చిత్రలేఖనం నేర్పుతున్నవాడిగా, స్వయంగా ఆ డిగ్రీ చదివినవాడిగా ఈ విషయం మీ పాఠకుల ముందు, ముఖ్యంగా తల్లిదండ్రుల ముందు, మన రెండు ప్రభుత్వాల ముందు ఉంచదలిచాను.

తెలియనివారి కోసం ముందుగా కొంత చెప్పాలి. లలితకళల్లో డిగ్రీ, అంటే బీఎఫ్ఏ, నాలుగేళ్లు. ఆపైన ఎంఎఫ్ఏ రెండేళ్లు. హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూల్, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఈ చదువు చెబుతున్నాయి. రాష్ట్రం దాటితే 1919లో రవీంద్రుడు శాంతినికేతన్‌లో నెలకొల్పిన కళాభవన్, బరోడాలోని మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయం, వారణాసిలోని బనారస్ హిందూ విశ్వవిద్యాలయం మన పిల్లలు ఎక్కువగా తలచుకునే చోట్లు. బరోడాలో ఇదే చదువును ఎంవీఏ అంటారు. పేరు వేరైనంత మాత్రాన వేరే చదువేమో అని దరఖాస్తే చేయని విద్యార్థులను నేను చూశాను.

ప్రవేశం అన్నిచోట్లా ఒకే తీరుగా ఉండదు. 2022 నుంచి సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష వచ్చాక కొన్ని కేంద్రీయ విశ్వవిద్యాలయాలు కంప్యూటర్ ముందు కూర్చుని జవాబులు గుర్తించే పరీక్ష కూడా పెడుతున్నాయి. మరికొన్నిచోట్ల కాగితం, రంగులు ఇచ్చి కొన్ని గంటలపాటు బొమ్మ వేయిస్తారు. ఏ పద్ధతైనా, దాదాపు అంతటా చివరికి తూకం వేసేది విద్యార్థి చేసిన పనినే. తన బొమ్మల్లోంచి ఎంచి కూర్చిన పోర్ట్‌ఫోలియోను నిపుణుల ముందు పెట్టి, దాని గురించి మాట్లాడాలి. మార్కుల జాబితాకు అలవాటుపడిన మన చదువుల్లో ఇది కొత్త సంగతి. ఎనభై శాతం మార్కులు వచ్చినవాడికి సీటు రాకపోవచ్చు, అరవై వచ్చినవాడికి రావచ్చు. ఇందులో అన్యాయమేమీ లేదని తల్లిదండ్రులకు నచ్చజెప్పడమే ఒక్కోసారి పిల్లవాడికి పాఠం చెప్పడం కన్నా కష్టమవుతుంది.

పోర్ట్‌ఫోలియోలో మనవాళ్లు ఏం పెడుతున్నారన్నది అసలు చిక్కు. నా దగ్గరికి సలహా కోసం వచ్చే ఫైళ్లలో సగానికి పైగా ఒకే పోలికతో ఉంటాయి: ఫొటో చూసి పెన్సిల్‌తో అచ్చు గుద్దినట్టు దించిన సినిమా హీరోల ముఖాలు, కనురెప్ప వెంట్రుకలతో సహా, క్యాలెండర్ దేవుళ్లు, యూట్యూబ్ చూసి వేసిన సూర్యాస్తమయాలు, ఎవరో పేరున్న చిత్రకారుడి బొమ్మకు కాపీ. ఆ పెన్సిల్ ముఖాల వెనక ఎన్నో రాత్రుల ఓపిక ఉంటుందని నాకు తెలుసు. ఊళ్లో వాటికి దండలు వేస్తారు, దసరా పందిట్లో బహుమతులిస్తారు. అయితే సీటిచ్చేవారు చూసేది వేరు. ఈ అమ్మాయి తన చుట్టూ ఉన్న లోకాన్ని తన కంటితో చూసిందా, చూసినదాన్ని కాగితం మీద ఎక్కడ పెట్టాలో ఆలోచించిందా, ఒక ప్రశ్నను పట్టుకుని నాలుగైదు బొమ్మలదాకా విడవకుండా నడిచిందా అన్నవే వారికి కావాలి. ఫొటోలో ఉన్న వెలుగునీడలను కాగితం మీదికి దించడంలో ఆ ఆలోచన కనబడే చోటు చాలా తక్కువ.

గోదావరి జిల్లాలకు చెందిన ఒక కుర్రవాడి ఫైలు నాకింకా కళ్లకు కట్టినట్టుంది. తండ్రి సైన్‌బోర్డులు రాసేవారు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయి, ఇళ్లకు సున్నాలు, రంగులు వేస్తూ సంసారం నెట్టుకొస్తున్నారు. కుర్రవాడు తెచ్చిన ఫైలులో తళతళలాడే ప్లాస్టిక్ కవర్లలో డజను పెన్సిల్ ముఖాలున్నాయి. వాటి వెనక, చూపించాలన్న ఉద్దేశం లేకుండానే, ఒక పాత రూళ్ల నోటుపుస్తకం ఇరుక్కుని ఉంది. అందులో బాల్‌పెన్నుతో వేసిన స్కెచ్‌లు: కొబ్బరి చిప్పలో ఎనామిల్ రంగు కలుపుతున్న చెయ్యి, గోడ మీద సగం చెరిగిన ఎరువుల కంపెనీ ప్రకటన, నిచ్చెన కింది మెట్టు మీద కూర్చుని బీడీ కాలుస్తున్న తండ్రి వీపు, మళ్లీ అదే వీపు, మరోసారి అదే వీపు. ముందున్న డజను ముఖాలను పక్కన పెట్టించి, ఆ నోటుపుస్తకం చుట్టూ ఆరునెలలు పనిచేయించాం. అట్టలమీద, పాత ఫ్లెక్సీ ముక్కల వెనకవైపు, కాగితాలమీద ఆ గోడలే మళ్లీ మళ్లీ వేశాడు. అతనికి సీటు వచ్చింది. ఇంటర్వ్యూలో అందరికన్నా ఎక్కువసేపు చేతులు మారింది ఆ రూళ్ల పుస్తకమేనట. స్కెచ్ పుస్తకాన్ని ఇంట్లో దాచి, ఫ్రేము కట్టించిన బొమ్మలను మాత్రమే పట్టుకెళ్లే పిల్లలకు ఇది తెలియాలనే ఇంత వివరంగా రాశాను.

ఇక ఫొటోల గోల. ఇప్పుడు చాలా దరఖాస్తుల్లో ముందుగా బొమ్మల ఫొటోలే వెళ్తాయి. అవి చూసి వడపోసిన తరవాతే పిలుపు. మంచి బొమ్మను నేలమీద పడేసి పైనుంచి వంకరగా తీసిన ఫొటోలో నలుచదరం కాస్తా ఒకవైపు కుంచించుకుపోతుంది. అద్దం ఫ్రేములో ఉన్నదాన్ని తీస్తే ట్యూబ్‌లైటు, తీసినవాడి నీడ కూడా అందులో పడతాయి. ఆయిల్ రంగుల మీద ఫ్లాష్ పడితే ముదురు రంగులన్నీ తెల్లగా మెరిసిపోతాయి. బొమ్మను గోడకు నిటారుగా ఆనించి, ఎండ నేరుగా పడని వరండాలో, ఉదయం పూట, ఫోనును బొమ్మ మధ్యభాగానికి సరిగ్గా ఎదురుగా పట్టుకుని తీస్తే ఖర్చు లేకుండా పని జరుగుతుంది. ప్రతి ఫొటో కింద బొమ్మ పేరు, కొలతలు, ఏ మాధ్యమం, ఏ సంవత్సరం అన్నవి రాయాలి. అరచేయంత బొమ్మ, ఆరడుగుల బొమ్మ తెరమీద ఒకే సైజులో కనబడతాయి కాబట్టి కొలత లేకపోతే చూసేవారికి ఏమీ తెలియదు. ఇంత చిన్న సంగతులు బీఎఫ్ఏ ఆఖరి ఏడాదిలో ఒక్క వారం నేర్పితే సరిపోతుంది. మన కళాశాలల్లో చాలాచోట్ల నేర్పడం లేదు.

కొన్ని సంస్థలు అడిగే ఉద్దేశ పత్రం దగ్గర మరో ఆటంకం ఎదురవుతుంది. తాను ఏం చేశాడో, ఏం చేయదలిచాడో ఒకటి రెండు పేజీల్లో రాయాలి. ఇంగ్లిషులో రాయడానికి జంకి, ఇంటర్నెట్‌లో దొరికిన పెద్దపెద్ద మాటలను అతికిస్తారు. ఇప్పుడైతే ఆ పని కంప్యూటరే చేసిపెడుతోంది కూడా. అలా తయారైన పత్రంలో 'అస్తిత్వం', 'స్మృతి', 'పట్టణీకరణ' అన్నీ ఉంటాయి గానీ, పక్కనే ఉన్న బొమ్మలకు, వాటికి ఏ సంబంధమూ ఉండదు. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే ఆ సంగతి బయటపడుతుంది. ముందు తెలుగులో, అమ్మకు చెప్పినట్టు, 'నేను ఈ గోడలే ఎందుకు వేస్తున్నాను' అని రాసుకుని, తరవాత దాన్ని మామూలు ఇంగ్లిషులోకి మార్చుకోమని నేను చెబుతుంటాను. వ్యాకరణ దోషాలున్నా ఫరవాలేదు. మాట బొమ్మకు అతికితే చాలు.

సీటు వచ్చిన తరవాత మొదలయ్యేది మరో రకమైన కష్టం. దీని గురించి ముందే హెచ్చరించేవారు లేక, మంచి విద్యార్థులు కూడా మొదటి సెమిస్టరులోనే దిగాలుపడిపోతున్నారు. బీఎఫ్ఏలో లైఫ్ స్టడీ (ఎదుటి మనిషిని చూసి వేయడం), స్టిల్ లైఫ్ (వస్తువులను అమర్చి చూసి వేయడం), ల్యాండ్‌స్కేప్, కాంపోజిషన్ అని ఎవరో ఒకరు పని అప్పగిస్తారు. ఎంఎఫ్ఏలో ఒక గది మూల, బొమ్మ నిలబెట్టుకునే ఒక ఈజిల్ ఇచ్చి 'నీ పని నువ్వు చేసుకో' అంటారు. ఏం వేయాలో చెప్పేవారుండరు. వేసినదాన్ని మాత్రం నలుగురిలో గోడకు తగిలించి, అధ్యాపకులు, తోటి విద్యార్థులు గంటసేపు విప్పి చూస్తారు. ఊళ్లో 'భలే వేశావురా' అన్న మాట తప్ప మరోటి వినని పిల్లవాడికి 'ఇది బాగుంది, కానీ ఎందుకు వేశావు' అన్న ప్రశ్న చెంపదెబ్బలా తగులుతుంది. కొందరు సిగ్గుతో స్టూడియోకు రావడం తగ్గిస్తారు. కొందరు సీనియర్లు వేస్తున్నట్టే వేయడం మొదలుపెడతారు. రెండోది మరింత ప్రమాదం, ఎందుకంటే దానికి వెంటనే మెప్పు దొరుకుతుంది.

నిలబడినవారికి మాత్రం ఆ రెండేళ్లు జీవితంలో మళ్లీ రాని కాలం. ఆయిల్ రంగు పొర ఆరడానికి రోజులు, మందంగా వేస్తే వారాలు పడుతుంది. గాలిలోని ఆక్సిజన్‌తో అవిసె నూనె గట్టిపడితేనే పై పొర వేయాలి, తొందరపడితే తరవాత పగుళ్లు వస్తాయి. ఆ ఆరే వ్యవధిలోనే ఆలోచన కూడా ముదురుతుందని నా అనుభవం. కళాభవన్‌లో చేరినవారు రోజూ, ఒకప్పుడు అక్కడే పాఠాలు చెప్పిన నందలాల్ బోస్, వినోద్ బిహారీ ముఖర్జీ వంటివారి కుడ్యచిత్రాల పక్కనుంచే మెస్‌కు వెళ్తారు. చూపు మందగించిన వినోద్ బిహారీ 1946, 47 ప్రాంతంలో హిందీ భవన్ గోడల మీద మధ్యయుగపు సాధుసంతుల ఊరేగింపును ముందుగా పూర్తి నమూనా గీసుకోకుండా తడి సున్నం మీద ఎలా నడిపించారో చూసిన పిల్లవాడికి, వేరే పాఠం చెప్పనక్కరలేదు. ఆఖరి ఏడాదిలో వరసగా ఒక బొమ్మల సముదాయం పూర్తిచేయాలి, దానికి తోడు ఒక పరిశోధన వ్యాసం రాయాలి, చివర్లో గోడకు తగిలించి ప్రదర్శించాలి, బయటి నుంచి వచ్చిన పరీక్షకులకు జవాబు చెప్పాలి.

ఆ వ్యాసం దగ్గర మనవాళ్లు మళ్లీ కుదేలవుతున్నారు. తోలుబొమ్మల మీద, చేర్యాల పటాల మీద, కలంకారీ మీద, తమ ఊరి పీర్ల పండుగ మీద రాయడానికి ఎవరూ రాయలేనంత సామగ్రి వాళ్ల దగ్గర ఉంటుంది. ఆ కళాకారులతో కూర్చుని మాట్లాడేదీ తెలుగులోనే. రాయాల్సి వచ్చేసరికి ఇంగ్లిషు పుస్తకాల నుంచి పేరాలు ఎత్తి పేజీలు నింపుతారు, విన్నదంతా నోటుబుక్కుల్లోనే మిగిలిపోతుంది. బోధన ఇంగ్లిషులో సాగినా పరీక్షలు స్థానిక భాషల్లో రాయనివ్వాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2023 ఏప్రిల్‌లో విశ్వవిద్యాలయాలను కోరింది. పరీక్షకు వర్తించిన ఈ ఉదారత ఎంఎఫ్ఏ వ్యాసానికి ఎందుకు వర్తించకూడదు? కనీసం మన రెండు రాష్ట్రాల్లోని విశ్వవిద్యాలయాలైనా తెలుగులో రాసిన వ్యాసాన్ని, చిన్న ఇంగ్లిషు సంగ్రహంతో, స్వీకరించాలి. చిత్రకళ గురించి తెలుగులో చదవడానికి ఏముందని నిట్టూర్చేవారికి కూడా అదే జవాబు అవుతుంది.

డబ్బు మాట చెప్పకుండా ఈ విషయం పూర్తికాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ అంతా ట్యూషన్ ఫీజు చుట్టూ తిరుగుతుంది. చిత్రకళలో ఫీజు కన్నా భారమైనవి కాన్వాసులు, చట్రాలు, రంగుల ట్యూబులు, టర్పెంటైన్, ప్రదర్శనకు ఫ్రేములు, బరోడా నుంచో శాంతినికేతన్ నుంచో ఆరడుగుల బొమ్మలు ఇంటికి చేర్చే రవాణా. సైన్సు విద్యార్థికి ప్రయోగశాలలో రసాయనాలు కళాశాలే ఇస్తుంది. చిత్రకారుడు తన రసాయనాలు తానే కొనుక్కోవాలి. అందుకే రెండో ఏడాదికి వచ్చేసరికి, బొమ్మకు కావలసిన సైజును బొమ్మ బదులు జేబు నిర్ణయిస్తోంది.

మన చిత్రకళా చరిత్రను కాస్త తిరగేస్తే, బయటికి వెళ్లి చదువుకున్న ప్రతి పెద్ద చిత్రకారుడి వెనకా చేయూతనిచ్చిన మనిషో, సంస్థో కనిపిస్తుంది. రాజమహేంద్రవరంలో కళాశాల ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహం వల్లే దామెర్ల రామారావు బొంబాయి జేజే స్కూల్‌కు వెళ్లగలిగారు. 1925లో, ముప్పై ఏళ్లయినా నిండకుండానే మశూచితో కన్నుమూసిన ఆయన వదిలివెళ్లిన బొమ్మలు చూడాలంటే ఇవాళ్టికీ మా ఊరికి రావలసిందే. కొండపల్లి శేషగిరిరావుగారిని శాంతినికేతన్‌కు పంపడంలో నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ ఆదరణ ఉంది. అక్కడ నందలాల్ బోస్ దగ్గర నేర్చుకుని వచ్చి, ఆయన హైదరాబాద్ లలితకళల కళాశాలలో తరాలకు తరాలను తీర్చిదిద్దారు. తోట వైకుంఠంగారు ఆంధ్రప్రదేశ్ లలిత కళా అకాడమీ ఇచ్చిన ఫెలోషిప్‌తోనే బరోడా వెళ్లి, అక్కడ బోధిస్తున్న చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ శిష్యులయ్యారు. బరోడాలో చదివిన మనిషి తన బూరుగుపల్లి ఆడవాళ్లను, వారి నుదుటి రూపాయి కాసంత బొట్టును, చీరల ముదురు రంగులను దేశమంతా గుర్తుపట్టేలా చేశారంటే, ఆ ఫెలోషిప్ మీద పెట్టిన ప్రతి రూపాయికీ ఫలితం దక్కినట్టే. ఆ అకాడమీ 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయంలో కలిసిపోయింది. వైకుంఠంగారికి ఆనాడు దొరికిన ఆసరా వంటిది ఇవాళ మా సైన్‌బోర్డు రచయిత కొడుక్కి ఎక్కడ దొరుకుతుందో నేను చెప్పలేకపోతున్నాను.

చదివాక ఏమవుతారన్న ప్రశ్న ప్రతి ఇంట్లోనూ వస్తుంది, రావాలి కూడా. బొమ్మలు అమ్ముకుని బతకడం అందరికీ సాధ్యం కాదని నిజాయితీగా చెప్పడం మంచిది. అయితే యూజీసీ 2018 నిబంధనల ప్రకారం యాభై ఐదు శాతం మార్కులతో మాస్టర్స్ డిగ్రీ, నెట్ అనే జాతీయ పరీక్షలో అర్హత ఉన్నవారు అసిస్టెంట్ ప్రొఫెసర్ పదవికి అర్హులు. నెట్‌లో విజువల్ ఆర్ట్ ఒక ప్రత్యేక సబ్జెక్టు. అదే పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్‌తో పరిశోధన చేసుకోవచ్చు. ఇంజినీరింగ్ చదివి పదిహేను వేలకు పనిచేస్తున్న పిల్లలున్న ఇళ్లలో కూడా 'బొమ్మలు కూడు పెడతాయా' అని అడుగుతూనే ఉన్నారు, అది వేరే సంగతి. ఉద్యోగాలు ఉన్నా వాటిని భర్తీ చేయాలి కదా అనేవారి మాట మాత్రం కొట్టిపారేయలేనిది.

ప్రభుత్వాలను నేను కోరేవి పెద్దవేమీ కావు. బీఎఫ్ఏ ఆఖరి సంవత్సరంలో పోర్ట్‌ఫోలియో తయారీని ఒక పేపరుగా చేర్చి, ఇతర రాష్ట్రాల నుంచి ఒక నిపుణుణ్ణి పిలిపించి దాన్ని పరిశీలింపజేయాలి. ఎంఎఫ్ఏ విద్యార్థులకు ఫీజుతో పాటు ఏటా సామగ్రి భత్యం ఇవ్వాలి, రాష్ట్రం బయట ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో సీటు తెచ్చుకున్నవారికి కూడా. పాత అకాడమీ ఫెలోషిప్ వంటిదాన్ని ఏటా పదిమందికైనా ఇచ్చి, బదులుగా వారు తిరిగివచ్చాక జిల్లా కేంద్రంలో ఒక ప్రదర్శన, బడిపిల్లలకు ఒక శిక్షణ శిబిరం నిర్వహించాలని షరతు పెట్టినా తప్పులేదు.

మీ పత్రికను కోరేది ఇంకా చిన్నది. లలితకళల ప్రవేశ ప్రకటనలు వెలువడే నెలల్లో, ఏ విశ్వవిద్యాలయం ఏ తేదీలోగా ఏం అడుగుతోందో, ఎన్ని బొమ్మల ఫొటోలు పంపమంటోందో మీ విద్యా పేజీలో ఒక పెట్టె కట్టి వేయండి. ఆయా సంస్థల వెబ్‌సైట్ల నుంచి ఆ వివరాలు సేకరించి, సరిచూసి, తెలుగులో రాసి పంపే పని నేను ఉచితంగా చేసిపెడతాను.

భవదీయుడు,
ఒక చిత్రలేఖన ఉపాధ్యాయుడు,
రాజమహేంద్రవరం